సుగ్గికి వచ్చిన పిల్లలు: బెంగళూరు షెడ్లలో మొదటి పదిహేను రోజుల పని

పత్తి, శెనక్కాయ ఇంటికి చేరగానే కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. కర్నూలు పడమటి పల్లెల్లో ఈ వలసను సుగ్గి అంటారు. మిరప కోతలకు గుంటూరు పోయేవాళ్లు పోగా, బేల్దారి, సెంట్రింగ్ పని చేతనైనవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. కదిరి, హిందూపురం, నారాయణపేట వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. సర్జాపుర రోడ్డు, వర్తూరు, యలహంక, దేవనహళ్లి దిక్కున అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోటల్లా ప్రహరీ వెంట రేకుల షెడ్ల వరసలు కనిపిస్తాయి. ఒక్కో గదిలో అమ్మ, నాన్న, ఇద్దరు ముగ్గురు పిల్లలు.

ఊరు దాటిన రోజే బిడ్డ పేరు మూడు చోట్ల ఉత్త పేరుగా మిగిలిపోతుంది: ఊరి అంగన్‌వాడీలో, ఏఎన్ఎం టీకాల పట్టికలో, బడి హాజరు పుస్తకంలో. అక్కడ ఎవరూ కొట్టెయ్యరు, ఇక్కడ ఎవరూ రాసుకోరు. బరువు తగ్గినా, టీకా తప్పినా, మాట రాకపోయినా అడిగేవాళ్లు లేని కాలం అలా మొదలవుతుంది. వలస కుటుంబాలకు ముందు జాగ్రత్త అంటే నా దృష్టిలో మొట్టమొదటి పని ఈ మూడు పేర్లనూ ఇక్కడ మళ్లీ ఎక్కించడమే. అదీ దిగిన పదిహేను రోజుల్లోపే.

పదిహేను రోజులని ఎందుకంటున్నానంటే, ఆ రోజుల్లో తల్లి ఇంకా పూర్తిగా పనిలో పడి ఉండదు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు చేతిలో కొంత ఉంటుంది. గ్యాసు, బియ్యం, నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అందరినీ అడుగుతూ తిరుగుతుంటారు కాబట్టి అంగన్‌వాడీ ఎక్కడో చెబితే వింటారు. నెల గడిచేసరికి రోజు ఒక గాడిలో పడిపోతుంది. తొమ్మిదేళ్ల పెద్దపిల్ల చంకలోకి చంటిబిడ్డ చేరుతుంది. ఇక ఆ పిల్ల బడికి పోదు, ఆ బిడ్డ అంగన్‌వాడీకి పోడు. ఆ తర్వాత దాన్ని కదిలించాలంటే పదింతల శ్రమ.

బెంగళూరులో తెలుగువాళ్ల సంఘాలు, అపార్ట్‌మెంట్ బృందాలు చాలానే ఉన్నాయి. సాయం చేయాలని మనసున్నవాళ్లు ఎక్కువమంది ముందు ఒక రోజు వైద్య శిబిరం పెట్టాలనుకుంటారు. శిబిరంలో బరువు తూస్తారు, సిరప్ ఇస్తారు, పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. ఆ చీటీ పట్టుకుని ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అని వచ్చే వారం చూసే మనిషి లేకపోతే ఆ రోజు పడ్డ కష్టమంతా వృథా. శిబిరం పెట్టగలిగిన బృందం అదే ఓపికను వారానికి రెండు సాయంత్రాల చొప్పున ఆరు నెలలకు పరిస్తే ఫలితం ఎన్నో రెట్లు ఉంటుంది. అరవై కుటుంబాలున్న షెడ్లకు నిలకడగా వచ్చే ఇద్దరు చాలు. వాళ్లలో ఒకరైనా ఆడవాళ్లు అయి తీరాలి.

పుస్తకం

రెండు వందల పేజీల లాంగ్ బుక్ ఒకటి కొనండి. ఫోన్ యాప్ వద్దు. ఫోన్ తీసి ఏదో నొక్కుతుంటే తల్లి ముడుచుకుపోతుంది, కాంట్రాక్టరుకు అనుమానం వస్తుంది. కుటుంబానికి ఒక పేజీ. ఊరు, మండలం, తల్లి ఫోన్ నంబరు, తండ్రి ఫోన్ నంబరు, ఏ మేస్త్రి కింద వచ్చారు, ఎప్పటిదాకా ఉంటారు. పిల్లలు ఒక్కొక్కరికి పుట్టిన తేదీ, ఊరి అంగన్‌వాడీ లేదా బడి పేరు, టీకా కార్డు ఉందా లేదా, చేతి కొలత. తల్లి గర్భిణి అయితే ఎన్నో నెల. తేదీ గుర్తు లేదంటే ‘ఏ పండగకు ముందు, ఏ పండగకు వెనక’ అని అడగండి. ఉగాది, పీర్ల పండగ, సంక్రాంతి అందరికీ గుర్తుంటాయి. పీర్ల పండగ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది కాబట్టి ఏ సంవత్సరమో కూడా అడగాలి.

కొత్తవాళ్లు వచ్చిన సంగతి అందరికంటే ముందు తెలిసేది గేటు బయట చిల్లర అంగడి ఆమెకు. ఆమెతో పరిచయం పెంచుకోండి. ఆ తర్వాత మేస్త్రి. సెక్యూరిటీ దగ్గర, సైట్ ఇంజనీరు దగ్గర అనుమతి తీసుకోకుండా లోపలికి వెళ్లకండి. వాళ్ల భయం ఒకటే: ఫోటోలు బయటికి పోతాయని, లేబర్ ఆఫీసు వాళ్లు వస్తారని. ఫోటోలు తీయబోమని మొదటి రోజే మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. దాతలకు పంపాలన్నా సరే, పిల్లల ఫోటో వద్దు. ఆధార్ కార్డుల ఫోటోలు మీ ఫోన్లలో దాచకండి. అసలు కార్డులు ఒక్క రాత్రి కూడా మీ దగ్గర ఉంచుకోకండి.

వెళ్లే వేళ సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. పొయ్యి వెలిగించి ఉంటారు, పిల్లలకు ఏం పెడుతున్నారో కళ్లారా కనిపిస్తుంది. ‘అక్కా, పాపకు ఎన్నో నెల?’ అని మొదలుపెడితే మాట దానంతటదే సాగుతుంది. ‘మీ పిల్లలకు సరైన పోషణ అందుతోందా?’ అని అడిగితే అందరూ అందుతోందనే చెబుతారు. ‘పొద్దున్నుంచి ఏం తిన్నాడు?’ అని అడగండి.

టీకాలు

మొదట అడగాల్సింది కార్డు. సగం మంది ‘అత్తమ్మోళ్ల ఇంట్లో ఉంది’ అంటారు. అప్పుడే ఫోన్ చేయించి, రెండు వైపులా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఫోటో రాగానే పుస్తకంలోకి ఎక్కించండి. కార్డు పోయిందంటే, టీకా వేసినప్పుడు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో ఆ నంబరుతో ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదు యూ-విన్‌లో వెతకమని ఇక్కడి ఏఎన్ఎంను అడగవచ్చు. సిమ్ మార్చేసి ఉంటే ఊరి ఏఎన్ఎం ఒక్కరే దిక్కు.

మధ్యలో ఆగిన టీకాలను మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉంటే చాలు. ఇది తెలియక, తిడతారేమోనని భయపడి వెళ్లని తల్లులు చాలామంది. కొన్నిటికి మాత్రం గడువుంది. ప్రభుత్వ కార్యక్రమంలో బీసీజీ ఏడాది లోపే వేస్తారు. పెంటావాలెంట్, రోటా మొదటి డోసు కూడా ఏడాది లోపే పడాలి. ఏడాది దాటిన బిడ్డకు పెంటా బదులు డీపీటీ వేస్తారు. తట్టు, రుబెల్లా టీకా మొదటిది 9 నెలలు నిండాక, రెండోది 16–24 నెలల మధ్య. అవి తప్పిపోయినా ఐదేళ్ల దాకా వేయించవచ్చు. షెడ్లలో గది గదీ ఆనుకుని ఉంటుంది కాబట్టి తట్టు ఒక బిడ్డకు వస్తే వరసంతా పాకుతుంది. అందుకే పుస్తకంలో ఈ గడినే నేను మొదట చూస్తాను.

ఊళ్లో బుధవారం, శనివారం టీకాలకు అలవాటు పడ్డ తల్లి ఇక్కడా ఆ రోజే వెళ్లి వెనక్కి వస్తుంది. కర్ణాటకలో సాధారణంగా గురువారం. మీ వార్డు ఆరోగ్య కేంద్రంలో ఒకసారి కనుక్కుని షెడ్ల గోడమీద తెలుగులో రాసి పెట్టండి. గర్భిణుల కార్డును ఇక్కడ తాయి కార్డు అంటారు. ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు చూపిస్తే ఆ వివరాలను బట్టి ఇక్కడ కొనసాగిస్తారు.

టీకా వద్దనేవాళ్లకు టీకా మీద అపనమ్మకం తక్కువ, మర్నాడు జ్వరం వస్తే కూలి పోతుందన్న లెక్క ఎక్కువ. ఆ లెక్క న్యాయమైనదే. జ్వరం మందు బిడ్డ బరువును బట్టి ఎంత వెయ్యాలో, ఎన్ని గంటలకోసారో ఏఎన్ఎం చేత చెప్పించుకుని, కార్డు మీద రాయించుకుని రావాలి. ఆ మర్నాడు పక్క గది ఆమె ఎవరైనా చూసుకునే ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టండి. ఇంత చేస్తే వద్దనేవాళ్లు అరుదు.

చేతి కొలత, గిన్నెలో తిండి

ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి ఐదేళ్ల లోపు పిల్లల దాకా నెలకోసారి పైచేయి చుట్టుకొలత తీయండి. రంగుల టేపు అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఎడమ చెయ్యి. చొక్కా చెయ్యి పూర్తిగా తీసేయాలి. మోచేయి మడిచి భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా ఎంతుందో చూసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి వదులుగా కిందికి వేలాడాలి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు, కింద సందు ఉండకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 11.5 నుంచి 12.5 లోపు పసుపు, 12.5 నుంచి పైన ఆకుపచ్చ.

తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. బిడ్డ ఏడుస్తూ చెయ్యి బిగిస్తే కండ గట్టిపడి కొలత మారుతుంది. తల్లి ఒడిలోనే ఉంచి, ఏడుపు ఆగాక తీయండి. ఒక నెల ఒకరు, మరో నెల ఇంకొకరు తీస్తే ఆ తేడా బిడ్డదో చేతిదో తెలియదు. ఒకే మనిషి తీయాలి. నాలుగు నెలల బిడ్డకు ఈ అంకెలు వర్తించవు. కాళ్లు చూడటం మరిచిపోతుంటారు. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు లెక్కపెట్టేదాకా నొక్కి తీసేయండి. రెండు పాదాల్లోనూ గుంట అలాగే నిలిచిపోతే టేపు ఏ రంగు చూపినా అది తీవ్ర పోషకాహార లోపమే, ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఆ బిడ్డ బొద్దుగా కనిపిస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్లు నమ్మరు.

ఎరుపు వచ్చిన బిడ్డ తిండి ముట్టకపోయినా, జ్వరం, విరేచనాలు, మందకొడితనం ఉన్నా పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. మామూలుగా 14 రోజులు ఉంచుతారు, తల్లి కూడా ఉండాలి. ఇక్కడే కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. తల్లికి కూలి నష్టం కింద కొంత ఇచ్చే ఏర్పాటు ఉంది, చేర్చే ముందే ఎంత, ఎప్పుడు అని అడిగి తల్లికి చెప్పాలి. అంతకంటే పెద్ద అడ్డంకి మిగతా పిల్లలు. ‘పెద్దోణ్ణి ఎవరు చూస్తారు?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర సమాధానం లేకుండా ఆసుపత్రి మాట ఎత్తకండి. ఊరి నుంచి అవ్వను పిలిపించడానికి బస్సు చార్జీ ఇవ్వడం మీరు చేయగల సాయాల్లో అతి చవకైనది, అతి పనికొచ్చేది.

పసుపు బిడ్డల సంగతి షెడ్డులోనే తేలుతుంది. పొద్దున ఎనిమిదికి తల్లి పనికెక్కుతుంది. బిడ్డకు టీలో ముంచిన బిస్కట్టు, మధ్యలో ఐదు రూపాయల ప్యాకెట్, మధ్యాహ్నం తల్లి వచ్చాక పెద్దవాళ్ల కారం అన్నం నాలుగు ముద్దలు. కడుపు నిండినట్టే ఉంటుంది కానీ ఒంటికి ఏమీ పట్టదు. పలచటి రాగి అంబలి కూడా అంతే, ఎక్కువ భాగం నీళ్లే. గరిటె వంచితే జారిపోకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. మన రాయలసీమ ఇళ్లలో సంగటి రోజూ ఉంటుంది కాబట్టి కొత్త వంట నేర్పనక్కర్లేదు. బిడ్డ వాటా సంగటిలో కారం వెయ్యని పప్పు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి కలిపి మెత్తగా పిసికితే చాలు. వేయించిన శెనక్కాయల పొడి ఒక చెంచా కలిపితే ఇంకా మేలు. పొడే సుమా, గింజ వద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు శెనక్కాయ గింజ గొంతుకు అడ్డం పడే ప్రమాదం నిజంగానే ఉంది.

ఎంత పెట్టాలన్నది గిన్నె చూపించి చెప్పాలి. 250 మిల్లీలీటర్ల గిన్నె ఒకటి తీసుకెళ్లండి. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, 8 నెలలకల్లా అర గిన్నె చొప్పున రోజుకు రెండు మూడు సార్లు. 9–11 నెలల్లో అర గిన్నె చొప్పున మూడు నాలుగు సార్లు. ఏడాది నుంచి రెండేళ్ల దాకా ముప్పావు నుంచి నిండు గిన్నె, మూడు నాలుగు సార్లు, మధ్యలో అరటిపండో గుడ్డో. రెండేళ్ల దాకా తల్లిపాలు కొనసాగాలి. బిడ్డకు వేరే పళ్లెం పెట్టించండి. అందరితో కలిపి పెడితే ఎంత తిన్నాడో ఎవరికీ తెలియదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇదివరకు ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. మేస్త్రితో ఆ మాట చట్టంగా చెప్పేకంటే, ‘అన్నా, పదకొండుకు పావుగంట, నాలుగుకు పావుగంట’ అని అడిగితే ఒప్పుకుంటాడు.

విరేచనాలకు ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపితే పనిచేయదు. జింకు 14 రోజులు: ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, పైన 20. మూడో రోజుకు విరేచనాలు ఆగగానే మాత్ర మానేస్తారు. తిరిగి రాకుండా కాపాడేది ఆ మిగతా రోజుల మాత్రలే అని మొదటే చెప్పాలి.

అంగన్‌వాడీలో పేరు

ఇంటి దగ్గరి అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఇంటికిచ్చే రేషను, మూడు నుంచి ఆరేళ్ల దాకా వేడి భోజనం. రోజుకు 500 కేలరీలు, తీవ్ర లోపం ఉన్న బిడ్డకు 800 చొప్పున చట్ట ప్రకారం రావాలి. గర్భిణులకు, బాలింతలకు కర్ణాటకలో మాతృపూర్ణ పేరుతో మధ్యాహ్న భోజనం ఉంది. పక్క రాష్ట్రం వాళ్లన్న కారణంతో కాదనే వీలు లేదు.

పేరు ఎక్కకపోవడానికి మామూలు కారణం పోషణ్ ట్రాకర్, అంటే అంగన్‌వాడీ టీచర్లు పేర్లు ఎక్కించే యాప్. తల్లి ఆధార్ ఊరి కేంద్రంలో నమోదై ఉంటుంది కాబట్టి ఇక్కడ మళ్లీ కొట్టబోతే తీసుకోదు. ఊరి టీచరు అక్కడి నుంచి మార్పు ఇవ్వాలి. తల్లి ఫోన్ నుంచే ఊరి టీచరుకు ఫోన్ చేయించి, స్పీకరు పెట్టి ఇక్కడి టీచరుతో మాట్లాడించండి. ఆమెది తెలుగు, ఈమెది కన్నడ, మధ్యలో మీరు. పది నిమిషాల్లో తేలిపోయే పని. లేఖలు రాస్తే నెలలు పడుతుంది. ఇక రేషను ఇచ్చేటప్పుడు ముఖ గుర్తింపు, ఓటీపీ అడుగుతారు. ఆధార్‌కు జోడించిన నంబరు తండ్రి జేబులో, తండ్రి పదో అంతస్తులో. నమోదు రోజున ఆ ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లమని ముందు రోజు రాత్రే చెప్పాలి. ఈ ఒక్క చిన్న సంగతి వల్ల రెండు మూడు సార్లు వట్టి చేతులతో తిరిగి వచ్చి, తల్లులు పూర్తిగా మానేస్తారు.

కేంద్రం పెద్ద రోడ్డుకు అవతల ఉంటే మూడేళ్ల పిల్లలు ఒంటరిగా పోలేరు. షెడ్లలో పనికి పోని అవ్వ ఒకామె ఉంటుంది. ఆరేడుగురు పిల్లల్ని తీసుకెళ్లి తీసుకొచ్చినందుకు ఆమెకు నెలకు కొంత ఇవ్వండి. మీ బృందం డబ్బు పెట్టాల్సిన చోట్లలో ఇది మొదటిది.

బియ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఆంధ్ర, తెలంగాణ కార్డుతో ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న ముసలివాళ్లు వాళ్ల వాటా అక్కడ, వీళ్ల వాటా ఇక్కడ తీసుకోవచ్చు. కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదైతేనే ఇది పనిచేస్తుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు యంత్రం ఒప్పుకోదు. డిపోవాడితో గొడవపడే ముందు కార్డు ఏ రకమో చూడండి.

మాట, నడక, చూపు

పిల్లల ఎదుగుదలలో ఆలస్యాన్ని షెడ్లలో ఎవరూ పట్టించుకోరు, ‘వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యమే’ అంటారు. 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, బా బా, దా దా అనాలి, వేలితో చూపించాలి. ఏడాదిన్నరకు నడవాలి, ఒకటి రెండైనా మాటలు రావాలి. రెండేళ్లకు ‘అమ్మ రా’, ‘పాలు కావాల’ లాంటి రెండు మాటల జోడు రావాలి. ఏ వయసులోనైనా వచ్చిన మాట, వచ్చిన పని పోతే ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఇంట్లో తెలుగు, బయట కన్నడ, హిందీ వినబట్టే మాటలు రావట్లేదని చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. అది నిజం కాదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి, అప్పటికీ తక్కువైతే చూపించాల్సిందే. ముందు చూపించాల్సింది చెవి. షెడ్డులో నిలబడి బిడ్డకు ఆటిజం అనో, బుద్ధిమాంద్యం అనో పేరు పెట్టే అధికారం మనకు లేదు. ‘చెవి పరీక్ష చేయిద్దాం, అక్కా’ అంటే చాలు, అది నిజంగానే మొదటి మెట్టు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎప్పుడొస్తుందో టీచరును అడిగి షెడ్ల పిల్లల్ని ఆ రోజు అక్కడ ఉంచండి. వాళ్లు రాసిస్తే జిల్లా ప్రారంభ చికిత్స కేంద్రంలో పరీక్షలు, చికిత్స ఉచితం. నగరంలోనే ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి, నిమ్హాన్స్ పిల్లల మానసిక వైద్య విభాగం ఉన్నాయి. మాట, వినికిడికి దేశంలో పేరున్న సంస్థ మైసూరులో ఉంది. పేరు రాసిచ్చి పంపితే తల్లి వెళ్లదు. మొదటిసారి మనం వెంట వెళ్లాలి. ఏ కిటికీ, ఏ అంతస్తు, చీటీ ఎక్కడ, భోజనం ఎక్కడ అన్నది ఒకసారి కళ్లతో చూస్తే రెండోసారి తనే వెళ్తుంది.

తల్లి

ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. పుట్టింట్లో కాన్పు చేసుకుని మూడో నెలలో షెడ్డుకు వచ్చిన తల్లి ఈ రెండు ఊళ్ల ఆశాల మధ్య జారిపోతుంది. ఆమె పేరు వచ్చిన వారంలోనే ఇక్కడి ఆశాకు ఇవ్వండి.

కొత్త తల్లిని రెండు ప్రశ్నలు అడగండి, పక్కన అత్త, భర్త లేనప్పుడు. గడిచిన రెండు వారాల్లో చాలా రోజులు మనసు దిగులుగా అనిపించిందా? ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా? రెండింటిలో దేనికి అవునన్నా 14416కు ఫోన్ చేసి పక్కన కూర్చోండి. అది టెలి మానస్, రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులో మాట్లాడమని అడగవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందంటే ఆమెను ఒంటరిగా వదలకండి, అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొట్టడం ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181. ప్రాణాపాయం ఉంటే 112. అందరిముందు భర్తకు బుద్ధి చెప్పబోకండి, మీరు వెళ్లాక ఆ కోపం ఆమె మీద పడుతుంది.

గుంత, గడియ, బడి

సైటులో పిల్లల ప్రాణాలు తీసేవి పెద్ద జబ్బులు కావు. మూత లేని సంపు, వాన నీళ్లు నిండిన పునాది గుంత, వెనక్కి వచ్చే టిప్పరు, రెయిలింగు లేని లిఫ్టు గుంత. మొదటి రోజే సైట్ ఇంజనీరును వెంటబెట్టుకుని షెడ్ల చుట్టూ తిరిగి వీటిని చూపించండి. సంపుకు బరువైన మూత, గుంత చుట్టూ రేకుల అడ్డు అడిగితే కాదనరు, ప్రమాదం జరిగితే తమ మీదికే వస్తుందని వాళ్లకూ తెలుసు.

క్రెష్ (పని చోట పిల్లల్ని చూసుకునే గది) గురించి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్‌లోనే ఉండేది: 50 మందికి మించి ఆడకూలీలుంటే ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని. సబ్ కాంట్రాక్టర్ల కింద మనుషుల్ని విడివిడిగా చూపిస్తే ఏ లెక్కలోనూ 50 దాటేది కాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు ఆడామగా కలిపి లెక్కేస్తాయి కాబట్టి అడగడానికి ఇప్పుడు ఆధారం ఇంకా గట్టిగా ఉంది. కేంద్రం 2018లో ఇచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం మూడేళ్ల లోపు పదిమందికి ఒకరు, పైన ఇరవైమందికి ఒకరు చూసుకోవాలి. బిడ్డకు 10–12 చదరపు అడుగుల చోటు. ఒక్క గది, ఫ్యాను, తాగే నీళ్లు, ఇద్దరు ఆడవాళ్లతో మొదలుపెట్టవచ్చు. చంటిబిడ్డకు చోటు దొరికిన రోజున పెద్దపిల్లకు బడి దొరుకుతుంది. క్రెష్ పెట్టకుండా ‘పిల్లను బడికి పంపండి’ అని చెప్పడం ఆ ఇంటికి సాధ్యం కాని పని చెప్పడమే.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా విద్యాహక్కు చట్టం ఉంది. వయసు రుజువు లేదని, టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదు. కన్నడం బడి అంటే తల్లిదండ్రులు జంకుతారు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు కన్నడ అక్షరాలు కొద్ది వారాల్లోనే పట్టుబడతాయి, రెంటి లిపీ అంత దగ్గర. సాయంత్రం గంట సేపు రెండు అక్షరమాలలు పక్కపక్కన పెట్టి చదివించే మనిషి ఉంటే చాలు.

పన్నెండు దాటిన ఆడపిల్లల విషయం వేరే. పగలు షెడ్డులో ఒంటరిగా వదలలేకే చాలామంది తల్లులు ఊరికి తీసుకెళ్లి పెళ్లి చేసేస్తారు. భయం ఎక్కడుందో అక్కడే మందు వెయ్యాలి: లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి, దారిలో లైటు, బడి అయ్యాక అమ్మ వచ్చేదాకా కూర్చునే చోటు. పెళ్లి కుదిరిందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. కర్ణాటకలో 2016 సవరణ తర్వాత బాల్య వివాహం అసలు చెల్లదు. లైంగిక హింస జరిగిందని బిడ్డ చెబితే, లేదా అలాంటి అనుమానం ఉంటే, పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం ప్రతి ఒక్కరి బాధ్యత. బిడ్డ చెప్పింది ఒక్కసారి విని, తన మాటల్లోనే రాసుకుని, మళ్లీ మళ్లీ అడగకుండా 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి. మేస్త్రి రాజీ కుదుర్చుతానంటే ఒప్పుకోకండి.

తండ్రి పోయి తల్లి ఒక్కతే సాకుతున్న ఇళ్లలో పిల్లను హాస్టలుకో ఆశ్రమానికో పంపే ముందు పిల్లల రక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. నెలకు 4,000 రూపాయలు. నగరంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల రక్షణ విభాగంలో. నాలుగు వేలు చేతికొస్తే బిడ్డ అమ్మ దగ్గరే ఉంటుంది.

వెళ్లే రోజు

స్లాబు పని అయిపోగానే రెండు రోజుల ముందు మాటతో కుటుంబం కదులుతుంది. చాలామంది వచ్చిన రోజు చేసిన శ్రద్ధ వెళ్లే రోజు చేయరు. ‘ఎప్పటిదాకా ఉంటారు’ అన్న గడిని నెలనెలా సరిచూస్తుంటే ఈ రెండు రోజులు దొరుకుతాయి. టీకా కార్డు వెనక తేదీతో చేతి కొలత, బరువు, చివరి టీకా, వచ్చే టీకా గడువు రాసి ఇవ్వండి. బడి నుంచి టీసీ గానీ చదివినట్టు ఒక లేఖ గానీ తీసుకోవాలి. అంగన్‌వాడీ టీచరుతో పోషణ్ ట్రాకర్‌లో మార్పు చేయించి, ఊరి టీచరుకు తల్లి చేతే ఫోన్ చేయించండి. వైద్యం మధ్యలో ఉన్న బిడ్డ అయితే ఆసుపత్రి చీటీల నకలు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి తల్లి సామాన్లలో కాదు, చేతి సంచిలో పెట్టించాలి.

ఊరికి కాకుండా ఇదే నగరంలో ఇంకో సైటుకు పోతున్నారంటే, తల్లి ఒప్పుకుంటే, ఆ వైపు పనిచేసే బృందానికి పుస్తకంలోని ఆ పేజీ వివరాలు ఫోన్లో చదివి రాయించండి. అలాంటి బృందం లేదంటే అక్కడి వార్డు ఆశా కార్యకర్త నంబరు ఇక్కడి ఆశాను అడిగి, ఆ తల్లి ఫోన్లో తెలుగు పేరుతో సేవ్ చేసి పెట్టండి.